రెండు జడల పాస్‌పోర్టు

పెళ్ళికి ముందు మూడేళ్ళపాటు నేను రోజూ గోదావరి దాటాను. మాది కొవ్వూరు, కాలేజీ రాజమండ్రిలో. పొద్దున్నే ప్యాసింజరులో వంతెన మీదుగా వెళ్ళడం, సాయంత్రం అదే వంతెన మీదుగా వెనక్కి రావడం. నీళ్ళ మీద రైలు నడిచే ఆ కాసేపూ తలుపు దగ్గర నిలబడితే ఎక్కడికో చాలా దూరం పోతున్నట్టుండేది. దిగి చూస్తే రాజమండ్రే. డిగ్రీ అయింది, పెళ్ళయింది, భీమవరం వచ్చాను, ఏడాదిన్నరకి బాబు పుట్టాడు. నా కాళ్ళకి మాత్రం ఆ దాటే అలవాటు పోలేదు. పొయ్యి మీద పప్పు ఉడికేలోగా వీధి గుమ్మం దాకా నాలుగుసార్లు వెళ్ళొచ్చేదాన్ని.

"ఎవరన్నా వస్తానన్నారా అమ్మా?" అని అడిగేవారు మా అత్తగారు.

"లేదండి."

"మరి ఎవరికోసం?"

పప్పు చూసొస్తానని లోపలికి పోయేదాన్ని.

మా ఆయన రొయ్యల మేత కంపెనీలో టెక్నీషియన్. రైతుల చెరువులకు వెళ్ళి నీళ్ళు పరీక్షించి, ఏ వయసు రొయ్యకి ఎంత మేత వేయాలో చెప్పడం ఆయన పని. చెరువుల్లో రొయ్య ఉన్నన్నాళ్ళూ ఆయన ఇంట్లో ఉన్నా లేనట్టే. అన్నం మధ్యలో ఫోను మోగేది. "ఏవండీ, రొయ్య పైకి తేలుతోందండి, ఒక్కసారి వచ్చి చూద్దురూ" అని అవతల రైతు గొంతు నాకూ వినపడేది. చెయ్యి కడుక్కుని బండి తీసేవారు. చలి నెలల్లో మాత్రం చెరువులు ఎండగడతారు. అడుగు మట్టి బీటలు వారేదాకా వదిలేసి, సున్నం చల్లి, మళ్ళీ నీళ్ళు పెట్టేదాకా ఎవరికీ ఎవరితోనూ పని ఉండదు. ఏడాదిలో ఆ రెండు నెలలే ఆయన మా మనిషి.

పెళ్ళయిన కొత్తలో కంపెనీ ఆయన్ని పది రోజుల శిక్షణకి థాయ్‌లాండ్ పంపింది. తిరిగొచ్చాక అక్కడి రొయ్యపిల్లల హేచరీల గురించి వారం రోజులు చెప్పారు. నాకు గుర్తున్నది ఒక్కటే. ఏదో బస్టాండులో ఒక తెల్లావిడ కనిపించిందట. వీపున ఆవిడంత సంచి, ముందువైపు గుడ్డలో కట్టుకున్న పసిపిల్ల. ముందుగా చెప్పి పెట్టుకున్న హోటలు లేదు, గైడు లేడు. రోడ్డు పక్కన నిలబడి నూడుల్స్ తింటూ మా ఆయన్నే దారి అడిగిందట.

"మీరేం చెప్పారు?"

"నాకేం తెలుసు? నేనూ రొయ్యల కోసం వచ్చానండీ అన్నాను."

ఆయన నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆవిడ నన్ను వదల్లేదు. బాబుకి పాలు పడుతున్నప్పుడు, వాడు అన్నం ఉమ్మేసినప్పుడు, బట్టలు ఆరేస్తున్నప్పుడు ఆవిడ ఏ ఊళ్ళో బస్సు దిగుతోందో అని ఆలోచించేదాన్ని. బాబుకి రెండేళ్ళు నిండాక ఒకరోజు మా ఆయనతో అనేశాను, వాడు బడిలో చేరకముందే మనం కూడా అలా వెళ్దామని. స్కూలు మొదలైతే ఇక సెలవులు, పరీక్షలు, ట్యూషన్లు. పైగా చెరువులు ఎండే నెలలకి బడి సెలవులు ఎన్నటికీ కుదరవు. ఉన్నది ఈ ఒక్క చలికాలమే.

ఆయన కాదంటారనుకున్నాను. "సరే, లెక్క వెయ్యి చూద్దాం" అన్నారు. కాదనుంటే ఇంకో ఏడాది సాధించి ఊరుకునేదాన్నేమో.

మా వీధి చివర ఇంటర్నెట్ సెంటరులో అందరూ ఇంజనీరింగ్ కుర్రాళ్ళే. చీరకట్టుకుని, చంకలో పిల్లాడితో వెళ్ళి కూర్చుంటే మొదటివారం అందరూ తెరలు ఇటు తిప్పుకున్నారు, అటు తిప్పుకున్నారు. తర్వాత అలవాటైపోయాను. లాంగ్ నోట్‌బుక్‌లో అయిదు దేశాల పేర్లు రాసుకున్నాను. శ్రీలంక, థాయ్‌లాండ్, కంబోడియా, మలేషియా, ఇండోనేషియా. ఏ ఊరినుంచి ఏ ఊరికి రాత్రి బస్సు ఉంది, ఎక్కడ గది చౌక, ఎక్కడ వంటగది వాడుకోనిస్తారు, పిల్లాడికి పెరుగు ఎక్కడ దొరుకుతుంది. అన్నీ రాసుకున్నాను. వాటి పక్కనే ఇంకో వరుస. ఆ ఊళ్ళో పిల్లల ఆసుపత్రి ఎంత దూరం.

ఆ వరుస ఎందుకో చెప్పాలి. బాబుకి పదకొండో నెలలో జ్వరం వచ్చి ఫిట్స్ వచ్చాయి. కళ్ళు పైకి తిప్పేసి, చేతుల్లో కర్రలా బిగుసుకుపోయాడు. ఆసుపత్రికి చేరేలోగా సర్దుకున్నాడు. "జ్వరం ఎక్కువైతే కొందరు పిల్లలకి ఇలా వస్తుందమ్మా, అయిదేళ్ళు దాటితే పోతుంది, భయపడొద్దు" అన్నారు డాక్టరు గారు. నేను జువాలజీ చదివినదాన్ని, ఆయన చెప్పింది అర్థమైంది. అర్థమవడం వేరు, భయం పోవడం వేరు. తిరిగొచ్చే ఆటోలోనే అన్నవరం స్వామికి మొక్కేశాను. అయిదో ఏట నీ కొండకి వచ్చి వాడి పుట్టువెంట్రుకలు ఇస్తాను, అందాకా కత్తెర ముట్టనివ్వను అని. అందుకని వాడి జుట్టు పెరిగి భుజాలు దాటింది. వాడికి జుట్టు కళ్ళలో పడకుండా రోజూ రెండు జడలు వేసేదాన్ని. మా వైపు మొక్కున్న మగపిల్లలు అలాగే తిరుగుతారు. వాళ్ళని చూసి ఎవరూ వింతపడరు.

విశాఖలోని పాస్‌పోర్టు ఆఫీసులో మాత్రం కౌంటరు దగ్గరాయన కాగితం చూసి, ఫోటో చూసి, మళ్ళీ కాగితం చూశారు.

"మగ అని రాశారు. పాప ఫోటో పెట్టారేంటండి?"

"బాబేనండి. మొక్కుందండి."

ఆయన కుర్చీలోంచి కొంచెం లేచి, నా చంకలో నిద్రపోతున్నవాణ్ణి తొంగి చూసి, "ఓహో, ఎప్పుడు తీయిస్తారు?" అని అడిగి కాగితాలు తీసుకున్నారు. ఆ ప్రశ్న నేను సరిగ్గా విని ఉండాల్సింది. వినలేదు.

పాస్‌పోర్టులు వచ్చాయి. ఇక సంచులు. వీపున తగిలించుకునే పెద్ద సంచులు మా ఊళ్ళో దొరకవు. చెరువుల దగ్గర మోటార్లకి కాన్వాసు తొడుగులు కుట్టే టైలరు దగ్గరికి వెళ్ళి బొమ్మ గీసి చూపించాను. ఆయన టేపుతో నా భుజాలు కొలిచి, సంచి కుట్టేవాడు మనిషిని కొలవడం ఇదే మొదటిసారి అని నవ్వాడు.

"ఇందులో ఏం మోస్తారండి?"

"బట్టలండి."

"మరి సూట్‌కేసుకి ఏమైందండి?"

కుట్టిన సంచిలో ఎనిమిది కేజీల బియ్యం పోసుకుని, బాబుని ముందు చున్నీతో కట్టుకుని, రోజూ తెల్లవారాక కాలవగట్టు మీద నడక మొదలుపెట్టాను. అలవాటు కావాలి కదా. మూడోరోజుకి మా అత్తగారి చెవిన పడింది. పక్కింటావిడ వచ్చి, "మీ కోడలు బియ్యం మూటతో, పిల్లాడితో పొద్దున్నే ఎటో వెళ్ళిపోతోందండి, ఇంట్లో ఏమైనా గొడవా?" అని మెల్లగా అడిగిందట.

అప్పుడు అత్తగారు నన్ను కూర్చోబెట్టారు. కోపంగా కాదు. చిక్కుడుకాయలు ఈనె తీస్తూ.

"అక్కడ ఏముంటాయమ్మా?"

"కొబ్బరిచెట్లుంటాయండి. సముద్రం. వరిచేలు."

"ఇంకా?"

"చేపలు బాగా తింటారటండి."

"దానికి అమలాపురం బస్సు ఎక్కితే సరిపోదూ?"

మా ఆయన పేపరు వెనకాల నవ్వాపుకోలేక దగ్గారు. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు కాబట్టి ఇంకా మండింది.

టికెట్లు కొనే రోజు దగ్గరపడేకొద్దీ నేను నోట్‌బుక్‌లోంచి దేశాలు కొట్టేస్తూ వచ్చాను. ఇండోనేషియాలో దీవి నుంచి దీవికి పడవలు, వద్దు. మలేషియాకి ముందే వీసా తెచ్చుకోవాలి, వద్దు. కంబోడియాలో దోమలు, మలేరియా, మంచి ఆసుపత్రి ఒక్క ఊళ్ళోనే ఉందని ఎవరో రాశారు, వద్దు. ప్రతిదానికీ ఖర్చు ఎక్కువ అని మా ఆయనకి చెప్పేదాన్ని. కొట్టేసినప్పుడు గుండె తేలికయ్యేది, గంటకల్లా మళ్ళీ వీధి గుమ్మం దగ్గర నిలబడి ఉండేదాన్ని. ఒకరోజు ఆయన నోట్‌బుక్ తిరగేసి అన్నారు: "కంబోడియా థాయ్‌లాండ్ కంటే చౌకని నువ్వే రాశావు ఇక్కడ. ఖర్చని కొట్టేశావేంటి?"

నేను నోట్‌బుక్ లాక్కుని మూసేశాను.

చివరికి కొలంబో మీదుగా బ్యాంకాక్, అంతవరకే టికెట్లు తీశాం. చౌక టికెట్లు. తారీఖు మార్చరు, డబ్బు వెనక్కి ఇవ్వరు. టికెట్లు కాగితం మీద చూశాక అత్తగారు ఇక వద్దనలేదు. ఒక్కటే అడిగారు.

"మొక్కు మెడ మీద పెట్టుకుని సముద్రం దాటతారా అమ్మా?"

"అయిదో ఏటన్నాను కదండీ."

"అయిదైనా మూడైనా బేసి ఏడే. వచ్చే నెలలో వాడికి మూడు నిండితే నాలుగో ఏడు పడుతుంది, అప్పుడు తీయించకూడదు. ఇప్పుడే తీయించేయండి. అయిదో ఏటికి మొక్కిన సంగతి స్వామికి నేను చెప్పుకుంటాను. నా మాటగా ఇదొక్కటీ చేసి వెళ్ళండి, నేను నిశ్చింతగా ఉంటాను."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ దీవెన ఇంత సులువుగా దొరుకుతుందనుకోలేదు. పైగా ఆ రోజు ఆటోలో అన్న మాట తీరిపోతే నా భయం కూడా కొంత తీరుతుందనిపించింది. ప్రయాణానికి పది రోజులుందనగా అందరం అన్నవరం వెళ్ళాం. కత్తి పెట్టగానే వాడు కొండ అదిరేలా ఏడ్చాడు. జడలు రెండూ పళ్ళెంలో పడ్డాయి. గుండుకి గంధం రాశారు. ప్రసాదం చేతిలో పెట్టగానే ఏడుపు ఆపేశాడు.

తిరుగు రైలు రాజమండ్రి దాటి వంతెన ఎక్కింది. అలవాటు కొద్దీ కిటికీ దగ్గరికి జరిగాను. వాడు నా ఒళ్ళో నిలబడి కడ్డీలు పట్టుకుని నది చూస్తున్నాడు. ఎండ వాడి గుండు మీద పడుతోంది. వాడు నా వైపు తిరిగాడు. ఒక్క క్షణం ఎవరీ పిల్లాడు అనిపించింది. చెవులు పెద్దవయ్యాయి, నుదురు పెరిగింది, ముఖం మొత్తం ఇంకెవరిదో. నవ్వుతూ చూస్తున్నాను, అలా చూస్తూండగానే మా ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ఏవండీ," అన్నాను. "పాస్‌పోర్టు."

ఆయనకి అర్థం కావడానికి రెండు స్తంభాల దూరం పట్టింది. వాడి వైపు చూసి, "అమ్మో" అన్నారు.

"ఏమైంది?" అన్నారు అత్తగారు.

చెప్పాం. ఆవిడ మమ్మల్ని వింతగా చూశారు. "జుట్టు పోతే మనిషి మారిపోతాడా? కన్నతల్లివి, నువ్వే అలా అంటే ఎలా?"

ఇంట్లో పాస్‌పోర్టు తెరిచి వాడి పక్కన పెట్టి చూశాం. ఫోటోలో రెండు జడల ఆడపిల్ల. పక్కన చిన్న సన్యాసి. టికెట్లు అమ్మినతన్ని అడిగితే, "ఏం కాదనుకుంటానండి, అయినా వాళ్ళిష్టం" అన్నాడు. మన దేశం వాళ్ళు వదిలినా కొలంబోలో ఆపితే? బ్యాంకాక్‌లో, భాష రాని చోట, ఎవరి పిల్లాణ్ణో ఎత్తుకొచ్చారంటే? కొత్త పాస్‌పోర్టుకి వ్యవధి లేదు. జుట్టు అంటారా, అది పది రోజుల్లో మొలవదు.

ఆ సాయంత్రం మా ఆయన నా పక్కన మెట్ల మీద కూర్చున్నారు.

"మానేద్దామా?" అన్నారు. చాలా మెత్తగా అన్నారు. "ఎవరూ ఏమీ అనరు. చెప్పుకోడానికి కారణం కూడా ఉంది. నీకు మొదట్నించీ వాడి జ్వరం గురించే బెంగ, నాకు తెలీదా?"

ఆయన చెప్పింది నిజమే. నెల రోజులుగా నేను ఇలాంటి కారణమే వెతుక్కుంటున్నాను. వాడికి జలుబు చేసినా చాలు, టికెట్లు పోతే పోనీ అని ఎదురుచూశాను. ఇప్పుడది గుండు రూపంలో ఇంటికే వచ్చింది. ఎవరి తప్పూ లేదు, నా భయం బయటపడాల్సిన పనీ లేదు. హాయిగా ఊపిరి పీల్చుకోవాలి. కానీ నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కూడా కాదు, కోపం. వచ్చే ఏడు ఇదే చలికాలం, ఇదే గుమ్మం, వాడి చేతిలో పలక. నలభై ఏళ్ళొచ్చాక కూడా పప్పు ఉడికేలోగా ఈ గుమ్మందాకా వచ్చి పోతుంటాను, ఎవరో నన్ను ఆపారని చెప్పుకుంటూ.

"మానేది లేదండీ," అన్నాను. "ఆపితే వాళ్ళనే ఆపనివ్వండి. మనం ఆగొద్దు."

లోపలికి వెళ్ళి నోట్‌బుక్ తీసి, కొట్టేసిన కంబోడియా పక్కన మళ్ళీ కంబోడియా అని రాశాను. బ్యాంకాక్ నుంచి బస్సులో వెళ్ళొచ్చు. జ్వరం మందు, థర్మామీటరు కొన్నాను. ఫిట్స్ వస్తే ఏం చేయాలో డాక్టరు గారితో ఒక కాగితం మీద రాయించుకున్నాను. ఆ భయాన్ని సంచిలో ఒక అరలో సర్దినట్టు సర్దాను. బరువేమీ తగ్గలేదు, ఎక్కడుందో తెలిసింది అంతే.

మర్నాడు స్టూడియోకి వెళ్ళాం. జడలతో ఫోటో తీసినాయనే గుండుతోనూ తీశాడు. రెండు ఫోటోలూ ఒక కాగితం మీద పక్కపక్కన అంటించి, ఇద్దరూ ఒకరే అని గెజిటెడ్ ఆఫీసరుతో సంతకం చేయించాలని మా ఆయన ఆలోచన. మాకు ఏ కష్టం వచ్చినా చివరికి ఆకుపచ్చ సిరా దగ్గరికే వెళ్తాం. మా ఆయనకి తెలిసిన గెజిటెడ్ ఆఫీసరు మత్స్యశాఖలో ఉన్నారు.

ఆయన కాగితం చదివి కళ్ళజోడు తీసేశారు.

"నా సర్వీసంతా చేపలకీ, రొయ్యలకీ సంతకాలు పెట్టానండీ. పిల్లలకి పెట్టలేదు."

"తప్పదండి. మీరే దిక్కు."

"రొయ్యకైతే మీసం చూసి చెప్తాను. వీడికేం చూడమంటారు?"

మా వాడు ఆయన బల్ల మీది పేపరువెయిటు నోట్లో పెట్టుకున్నాడు. ఆయన దాన్ని తీసుకుని, వాడి గడ్డం పట్టి ముఖం అటూ ఇటూ తిప్పి, ఫోటోలు కిటికీ దగ్గర పెట్టి చాలాసేపు చూశారు. మాట సరదాగా ఉన్నా సంతకం దగ్గర మాత్రం ఆయన సరదా మనిషి కాదు. చివరికి, "చెవులు ఒకటేనండీ. కుడి చెవి తమ్మె దగ్గర చూడండి, చిన్న నొక్కు ఉంది, రెండింట్లోనూ" అన్నారు. మూడేళ్ళుగా రోజూ తల దువ్విన నేను ఆ నొక్కు చూడలేదు. ఆకుపచ్చ సంతకం, కింద ముద్ర. ముద్రలో చేప బొమ్మ ఉంది.

చెన్నై విమానాశ్రయంలో మా వంతు వచ్చేసరికి నా చెమటకి సంచి పట్టీలు తడిసిపోయాయి. కౌంటరులో కాస్త పెద్దవయసు తమిళాయన. మా ఇద్దరివీ చూసి ముద్ర కొట్టారు. మూడోది తెరిచి, అద్దం మీదుగా తొంగి చూశారు. పాస్‌పోర్టు బాబు వైపు తిప్పి, ఫోటో మీద వేలు పెట్టి, ఎవరీ పాప అన్నట్టు నవ్వుతూ కళ్ళెగరేశారు.

"అక్క," అన్నాడు వాడు గట్టిగా.

జడలున్నవాళ్ళందరూ వాడికి అక్కలే. ఆ మాట తమిళంలోనూ అదే. ఆయన ముఖంలో నవ్వు పోయింది. మా వెనక చూశారు, అక్క ఎక్కడుందా అని. మా ఆయన వచ్చీరాని ఇంగ్లీషులో మొదలుపెట్టారు. నేను కాగితం అద్దం కింద నుంచి తోశాను. చేప ముద్ర చూసి ఆయన కనుబొమలు ఇంకా ముడిపడ్డాయి. పక్క కౌంటరాయన్ని పిలిచారు. ఆయన లేచి వచ్చి, కాగితం చూడనేలేదు. అద్దం ఇవతలికి వంగి బాబు గుండు చూశారు. పది రోజుల నాటి గుండు, చెవుల వెనక చర్మం ఇంకా తెల్లగా.

"తిరుపతి?" అన్నారు.

"అన్నవరం అండి," అన్నాను.

ఆయనకి తెలియలేదు.

"తిరుపతి లాంటిదేనండి," అన్నారు మా ఆయన.

వాళ్ళిద్దరూ తమిళంలో ఏదో అనుకున్నారు. నాకు అర్థమైంది పిల్లాడు అన్న మాట ఒక్కటే. పెద్దాయన పాస్‌పోర్టు మరోసారి చూశారు, ఆకుపచ్చ సంతకం చూశారు, వాడిని చూశారు. ముద్ర కొట్టి, "జాగ్రత్త అమ్మా, అక్కడ కూడా అడుగుతారు" అన్నట్టు ఏదో ఇంగ్లీషులో చెప్పి కాగితం వెనక్కి ఇచ్చారు.

ఇవతలకి వచ్చాక మా ఆయన కుర్చీలో కూలబడి గట్టిగా నవ్వడం మొదలుపెట్టారు. "అక్కట! కాసేపుంటే చెల్లిని కూడా చూపించేవాడు" అని బాబు గుండు నిమిరారు. నాకు నవ్వు రాలేదు. కొలంబోలో ఆపొచ్చు. కొలంబో వదిలినా, అక్కడ జ్వరం రావొచ్చు. దేనికీ ఎవరూ హామీ ఇవ్వలేదు. ఇంకా గంటన్నర టైముంది. కూర్చుందామని చూశాను, కాళ్ళు వినలేదు. సంచి వీపున తగిలించుకుని, వాణ్ణి చంకనెత్తుకుని, మా గేటు దగ్గరికి వెళ్ళాను. అక్కడ ఇంకా ఎవరూ లేరు.

"ఇంకా పిలవలేదు మేడమ్, కూర్చోండి" అంది అక్కడి అమ్మాయి.

"పర్లేదమ్మా," అన్నాను, వరసలో మొదట నిలబడి.